ఎలుగు పన్నుకి రెండో లెక్క

మా మాస్టారి సంతాపసభలో మాట్లాడిన ఐదుగురూ ఒకే మాట అన్నారు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక్క తప్పు కూడా చెయ్యలేదట. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయిన మనిషిని పొగడడానికి ఇన్ని నిజాలుండగా అబద్ధం ఎందుకు? ఆయన తప్పు చేశారు. ఒకటి కాదు, రెండు చేశారు. నేను ఒకటి చేశాను. ఆ మూడూ కలిసి ఒక మనిషి బతుకులో నాలుగేళ్ళు తినేశాయి. ఆ సంగతి మైకు ముందు చెప్పేద్దామని లేచాను కూడా. పక్కనే కూర్చున్న పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, నా చెయ్యి పట్టుకుని కిందికి లాగారు. "ఇక్కడ వద్దే తల్లీ. ఇంటికెళ్ళి రాసుకో," అన్నారు. అందుకే రాస్తున్నాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ముందే చెబుతున్నాను. ఆఫీసులో నాకు మిరపకాయ అని పేరు. సీసా మీద చీటీ వంకరగా అతికించినా, నంబరు గజిబిజిగా రాసినా ఎవర్నీ వదిలేదాన్ని కాదు. మాస్టారు మాత్రం చివరిదాకా "అమ్మాయ్" అనే పిలిచారు. ఆయన దగ్గర చేరినప్పుడు నాకు ఇరవై నాలుగు. ఇప్పుడు నలభై ఎనిమిది.

మాస్టారని పిలిచేవాళ్ళమే గాని ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. అటవీ శాఖ ల్యాబులో అడవి జంతువుల పళ్ళు చూసి వాటి వయసు కట్టేవారు. జింకలు, అడవిపందులు, ఎలుగులు, అప్పుడప్పుడూ చిరుతలు. అడవిలో చచ్చినదాని దవడ మాకు గుడ్డసంచిలో వచ్చేది. ఏ వయసువి ఎన్ని చస్తున్నాయో తెలిస్తేగాని ఎన్ని బతుకుతున్నాయో పైవాళ్ళు అంచనా కట్టలేరు. అంత పెద్ద అడవి లెక్కంతా చివరికి మా రెండు గదుల మీద ఆధారపడి ఉండేది. ఆ రెండు గదులూ ఆఫీసు వెనకాల, జీపులు కడిగేచోట ఉండేవి. ముందు గదిలో గ్యాసు పొయ్యి మీద బానంత గిన్నె, అందులో దవడలు ఉడుకుతూ ఉండేవి. ఆ వాసన జుట్టుకి పట్టిందంటే ఎన్నిసార్లు రుద్దుకున్నా వదలదు. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే మా ఆయన, "ఇవాళ ఎవర్ని ఉడికించి వచ్చావు?" అనేవాడు. లోపలి గదిలో గోడ పొడుగునా దవడల పెట్టెలు, పన్ను కోసే మిషను, కిటికీ వైపు తిరిగిన రెండు బల్లలు, రెండు మైక్రోస్కోపులు.

పిల్ల జంతువైతే పెద్ద కష్టం లేదు. పాలపళ్ళు ఎన్ని ఊడాయి, ఏ దంతం ఎంత లేచింది అని చూస్తే నెలలతో సహా చెప్పొచ్చు. పెద్దదానితోనే తంటా. అరుగుదల చూసి చెప్పడం ఒక పద్ధతి. "అరుగుదలని నమ్మి బాగుపడ్డవాడు లేడమ్మాయ్," అనేవారు మాస్టారు. ఇసుకనేల మీద మేసే జింకకి ఐదేళ్ళకే పళ్ళు అరిగిపోతాయి. మెత్తటి పండ్లు తిని బతికే ఎలుగుకి పదేళ్ళు దాటినా కొత్తగానే ఉంటాయి. అసలు వయసు పంటి వేరులో ఉంటుంది. ఎముకలో దిగిన ఆ వేరు మీద ఏటా ఒక పొర పేరుకుంటుంది. తిండి దొరికిన కాలంలో పొర వెడల్పుగా, తెల్లగా ఉంటుంది. తిండి దొరకని కాలంలో సన్నగా, నల్లగా ఉంటుంది. ఏడాదికి ఒక నల్లగీత. పన్నుని వారం పదిరోజులు పలచటి యాసిడ్‌లో నానబెడితే రబ్బరులా వంగుతుంది. దాన్ని గడ్డకట్టించి, వెంట్రుక కంటే పలచగా కోసి, గాజుపలక మీద అతికించి, ఊదారంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే గీతలు కనిపిస్తాయి. ఇక లెక్కపెట్టుకోవడమే.

లెక్కపెట్టుకోవడమే అని ఎంత తేలిగ్గా రాసేశాను! వయసు మళ్ళిన జంతువుకి బయటివైపు గీతలు ఒకదాన్ని ఒకటి తోసుకుంటున్నట్టు ఇరుగ్గా ఉంటాయి. చూపు ఏమాత్రం మందగించినా అవన్నీ కలిసి ఒక్క నల్లటి అంచులా కనిపిస్తాయి. చూపు బాగున్నవాళ్ళకే తల వాచిపోతుంది.

మాస్టారికి మాత్రం అందులో బతుకులు కనిపించేవి. ఆడ ఎలుగు పిల్లల్ని సాకిన ఏడాది పొర సన్నగా ఉంటుంది, తిన్నదంతా పాలకే పోతుంది కాబట్టి. నన్ను పిలిచి చూపించేవారు. "చూడు, ఈ తల్లి ఐదోయేట పిల్లల్ని కంది. ఎనిమిదోయేట మళ్ళీ. పదోయేడు పాపం తిండే లేదు. ఎట్లా ఈడ్చుకొచ్చిందో!" ముక్కూ మొహం తెలియని ఎలుగు గురించి సొంత చెల్లెలి గురించి చెప్పినట్టు చెప్పేవారు. వెర్రిబాగుల మనిషి అనుకున్నాను మొదట్లో. తర్వాత ఆ వెర్రి నాకూ అంటుకుంది.

పిన్నిగారు దెప్పేవారు. "మా పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది. నా పుట్టినరోజెప్పుడో చెప్పమను చూద్దాం. ఎక్కడో అడవిలో చచ్చిన పంది ఏ నెలలో పుట్టిందో మాత్రం ఠకీమని చెబుతారు." మాస్టారు నవ్వేవారు గాని తేదీ మాత్రం చెప్పేవారు కారు.

ఆయన పెట్టిన నియమాలు రెండున్నాయి. దవడతో పాటు కవరులో ఒక చీటీ వస్తుంది. జంతువు ఎక్కడ చచ్చింది, ఎలా చచ్చింది, ఎంత వయసుంటుందని అక్కడివాళ్ళు అనుకుంటున్నారు, అన్నీ అందులో ఉంటాయి. లెక్క అయ్యేదాకా ఆ కవరు విప్పకూడదు. విప్పితే కన్ను తనకి కావలసిందే చూస్తుందనేవారు. ఇది మొదటిది. రెండోది, ఆయన మూడు వేరు వేరు రోజుల్లో మూడుసార్లు లెక్కపెట్టి, అంకెని చీటీ మీద రాసి, బోర్లించి నా బల్ల మీద పెడతారు. ఆ చీటీ తిప్పకుండా నేను విడిగా లెక్కపెట్టాలి. ఇద్దరికీ ఒకే అంకె వస్తేనే రిజిస్టరులోకి ఎక్కేది. మొదటి సంతకం ఆయనది, రెండోది నాది.

పన్నెండేళ్ళు అలాగే చేశాను, ఒట్టు. ఆ పన్నెండేళ్ళలో మా అంకెలు పాతికసార్లు తేడా వచ్చాయి. పాతికసార్లూ తప్పు నాదే. తర్వాతెప్పుడో, ఏ రోజునో నాకే గుర్తులేదు, పని ఒత్తిడిలో చీటీ తిప్పి చూసి అదే అంకె వేసి సంతకం పెట్టేశాను. కొంపేమీ మునగలేదు. మర్నాడూ అదే చేశాను. మాస్టారు ఏడు అన్నాక నేను ఎనిమిది అంటానా? అలా అలవాటైపోయింది. ఊళ్ళోవాళ్ళ చీటీల మీద వంకలు పెట్టే మిరపకాయ, తన బల్ల మీది చీటీ దగ్గర మాత్రం కళ్ళు మూసుకుంది.

ఆ రోజుల్లోనే ఇంకొకటి కూడా గమనించాను. మాస్టారి మైక్రోస్కోపు దీపం నెలనెలా ఎక్కువ వెలుతురు మీదికి జరుగుతూ వచ్చింది. నేనెప్పుడైనా ఆయన కుర్చీలో కూర్చుంటే కళ్ళు జిగేల్మనేవి. ఏంటి మాస్టారూ అని అడగలేదు. పెద్దాయన్ని ఏమడుగుతాంలే అనుకున్నాను.

ఎలుగు సంగతి అప్పుడు వచ్చింది. అడవి అంచున ఉన్న ఒక ఊరి మీద మగ ఎలుగొకటి పడడం మొదలుపెట్టింది. ఒక మనిషిని చంపింది. ఒకావిడకి కన్ను పోయింది. అది కొత్తది కాదు, పన్నెండేళ్ళ కిందట నాలుగేళ్ళ వయసులో బోనులో పట్టి, చెవికి బిళ్ళ వేసి దూరంగా వదిలిపెట్టినదే తిరిగొచ్చిందని శాఖవాళ్ళు తేల్చారు. దాన్ని కాల్చమని ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని మాత్రమే. ఇంకో ఎలుగు మీద చెయ్యి పడితే ఉద్యోగం ఊడుతుందని ఆ కాగితంలోనే రాశారు.

ఆ పని మీద పడింది ఒక గార్డు. ఇరవై రెండేళ్ళుగా ఆ అడవిలోనే ఉన్న మనిషి. బురదలో సగం అడుగు కనిపించినా ఏ జంతువో, ఎటు పోయిందో చెబుతాడని అందరూ అతన్ని జాడలాయన అనేవారు. పదకొండు రోజులు వెంటాడి, ఒక తెల్లవారుజామున ఒక్కడే ఉండగా కాల్చాడు. తీరా చూస్తే చెవికి బిళ్ళ లేదు. చెవి చిరిగి ఉంది. చిరిగి ఊడిపోయిందన్నాడు జాడలాయన. చెవి పోట్లాటలో కూడా చిరుగుతుందన్నారు విచారణవాళ్ళు. సరే, వయసు తేల్చమన్నారు. నాలుగూ పన్నెండూ పదహారు. పన్ను పదహారంటే అతను కాల్చింది కాల్చాల్సినదాన్నే. కాదంటే ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది.

మాకు ఇవేమీ తెలియవు. కోర వెనకాల ఉండే చిన్న పన్ను ఒకటి, నంబరు వేసిన సంచిలో, మూసిన కవరుతో వచ్చింది. మాస్టారు మూడు రోజులు చూసి చీటీ బోర్లించారు. ఆ వారం నా బల్ల మీద మూడొందల జింక దవడలున్నాయి. చీటీ తిప్పాను. ఏడు. ఏడు వేసి సంతకం పెట్టాను. తర్వాత కవరు విప్పి చదివారు మాస్టారు. "పాపం, ఏడేళ్ళది," అన్నారు. ఎలుగు గురించే అన్నారు.

విచారణకి మమ్మల్నిద్దర్నీ పిలిచారు. పొడుగాటి బల్ల, ఒకవైపు అధికారులు, ఇంకోవైపు జాడలాయన ఒక్కడే. ఇస్త్రీ చేసిన యూనిఫారం వేసుకొచ్చాడు.

"దాన్ని పన్నెండేళ్ళుగా చూస్తున్నాను సార్. కుడి ముందుకాలు లోపలికి వేస్తుంది. ఆ నడక ఇంకోదానికి లేదు. అది ముసలిది సార్," అన్నాడు.

"ల్యాబువాళ్ళు ఏడంటున్నారు. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టారు," అన్నాడు పెద్ద కుర్చీలో ఉన్నాయన.

జాడలాయన మా వైపు తిరిగాడు. "అంతేనా సార్?" అని మాస్టార్ని అడిగాడు. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"అంతే నాయనా," అన్నారు మాస్టారు.

అతను నా వైపు కూడా చూశాడు. నేను తల ఊపాను. అతని ఉద్యోగం పోయింది. చర్మం కోసం ఏదో ఎలుగుని కాల్చి ఉత్తర్వు అడ్డం పెట్టుకున్నాడని నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. ఆ తర్వాత ఆ ఊరి మీద ఎలుగు పడలేదు. ఒక ఏడు, రెండేళ్ళు, మూడేళ్ళు గడిచాయి. మనుషుల మీద పడేది ఇంకా బతికే ఉంటే ఎందుకు పడట్లేదని ఎవరికైనా అనుమానం రావాలి కదా! నాకు రెండుమూడుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా దాని పీక నొక్కేశాను.

ఆ విచారణైన రెండేళ్ళకి మాస్టారు రిటైరయ్యారు. ఆయన కుర్చీ నాకొచ్చింది. ఇంకో రెండేళ్ళకి ఆయన రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. నెల తిరక్కుండానే ఒక పొద్దున ల్యాబు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు, మొహం చేటంత చేసుకుని.

"అమ్మాయ్, నీ జుట్టు ఎప్పుడు తెల్లబడిందే?"

"మీరు చూడనప్పుడు మాస్టారూ."

"ఈ గోడ ఆకుపచ్చటిదా! ఇన్నేళ్ళూ బూడిదరంగనుకున్నాను." గదంతా కలియదిరిగారు. తర్వాత పాత స్నేహితుల్ని పలకరిద్దామని స్లైడుల బీరువా తెరిచారు. తన కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే పెట్టుకుని చూస్తూ, "అబ్బా, ఎంత స్పష్టంగా ఉందే!" అని మురిసిపోయారు. పిల్లల్ని కన్న తల్లి ఎలుగుల్ని చూశారు. తర్వాత జాడలాయన ఎలుగు తీశారు.

ఆయనకి పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టడం అలవాటు. నాలుగు నిలువు, ఐదోది అడ్డం. నేను సీసాలు కడుగుతూ వెనక్కి తిరిగి చూశాను. కాగితం మీద అడ్డగీతలు మూడు కనిపించాయి. ఆయన కదలట్లేదు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టారు. మళ్ళీ పెట్టారు.

"నువ్వు చూడు," అని లేచారు.

కూర్చుని చూశాను. ఆ స్లైడుని నేను చూడడం అదే మొదటిసారి. లోపలివైపు ఏడు గీతలు విడివిడిగా, నీటుగా ఉన్నాయి. ఆ తర్వాత అంచున ఇరుగ్గా, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇంకో తొమ్మిది.

"ఎంత?"

"పదహారు మాస్టారూ."

"ఆ రోజు నీకెంత వచ్చింది?"

నేను మైక్రోస్కోపు మీంచి తలెత్తాను. ఆయన నా మొహం చూశారు, కొత్త కళ్ళతో. రెండోసారి అడగలేదు. స్టూలు లాక్కుని కూలబడి, తన సంగతి తనే చెప్పుకొచ్చారు. పళ్ళు లెక్కపెట్టేవాళ్ళకి ఏటా కంటి పరీక్ష ఉంటుంది. చూపు తగ్గిందని ఆయనకి చివరి నాలుగేళ్ళూ తెలుసు. వేరే పనికి మారుస్తారని భయం. కంటి డాక్టరు గోడకి తగిలించే అక్షరాల బోర్డు, పై వరస నుంచి కింది వరస దాకా, బట్టీపట్టారు. నాలుగేళ్ళూ చూడకుండానే అప్పజెప్పి పాసయ్యారు.

"తప్పు లెక్కపెట్టడం ఒక తప్పు. అది కళ్ళు చేశాయనుకుందాం. ఇది నేను చేశానమ్మాయ్," అన్నారు. లెక్క కాకముందు కవరు విప్పడం కూడా పాపమనే మనిషి ఆయన. నేను ఆయన్ని ఓదార్చలేదు. ఏ మొహం పెట్టుకుని ఓదారుస్తాను?

మర్నాడు ఇద్దరం డైరెక్టరు గదికి వెళ్ళాం. మాస్టారు అక్షరాల బోర్డు సంగతితో సహా అన్నీ రాసి ముందు పెట్టారు. డైరెక్టరు చెడ్డవాడు కాదు. రెండుసార్లు చదివాడు.

"మీ కళ్ళు బాగాలేవు, ఒప్పుకుంటాను. ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయిగా? ఆవిడకీ ఏడే వచ్చింది. ఆ కేసులో మీ ఒక్కరి లెక్కే ఉంటే ఇవాళే తిరగదోడేవాణ్ణి."

"మూడోవాళ్ళతో లెక్కపెట్టించండి."

"నాలుగేళ్ళుగా మీ బీరువాలో ఉన్న స్లైడు. అది ఆ పన్నే అని నేనెలా నమ్మించను? పన్ను మిగిలుందా?"

మిగల్లేదు. అంతా కోతకే సరిపోయింది, ఎలుగునేమో ఎప్పుడో తగలబెట్టేశారు.

"రెండో లెక్క ఎందుకు తప్పిందో నాకు రాతలో కావాలి. అది లేకపోతే ఏడే నిలబడుతుంది."

"నేను నేర్పిన కన్ను బాబూ అది. నేనెలా తప్పు చూశానో తనూ అలాగే చూసింది," అన్నారు మాస్టారు.

డైరెక్టరు నా వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఇంకా పదిహేనేళ్ళ సర్వీసుంది. కూతురు కాలేజీలో ఉంది. నిజం చెబితే ఆ ఒక్క సంతకమే కాదు, ఐదారేళ్ళ సంతకాలన్నీ కూలిపోతాయి. ఇవన్నీ కారణాలే, కాదనను. అసలు కారణం వేరే. ఎవరు ఏ చిన్న తప్పు చేసినా నిలదీసే మనిషిని నేను. ఆ మనిషి చేసిన పని ఇదని నలుగురికీ తెలియడం నాకు చచ్చేంత భయం.

వరండాలోకి వచ్చాక నన్ను అడుగుతారనుకున్నాను. తిడతారనుకున్నాను. "టీ తాగుదామా?" అన్నారు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అడగొచ్చు కదా! ఒక్కసారి గట్టిగా అడిగితే చెప్పేద్దును కదా!

మరో పది రోజులు ఆయన రోజూ ల్యాబుకి వచ్చారు. తన చూపు తగ్గిన నాలుగేళ్ళలో పన్ను కోసి కట్టిన వయసులన్నీ మళ్ళీ లెక్కపెట్టాలన్నారు. రెండొందల పన్నెండు స్లైడులు. ఆయన ఒక బల్ల, నేను ఒక బల్ల. ఈసారి నేను ఒక్క చీటీ తిప్పలేదు. జాడలాయన ఎలుగు కాక ఇంకో పదకొండు తప్పులు దొరికాయి. అన్నీ ముసలి పందులూ ఎలుగులే. వాటి మీద ఎవరి బతుకూ ఆధారపడి లేదు. ఆ పది రోజుల్లో ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నం కూడా సయించలేదు నాకు. మా ఆయన, "ఏమైందే, ఇన్ని రోజులుగా నన్ను ఒక్కసారి కూడా కసురుకోలేదు, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. అతనిక్కూడా చెప్పలేదు.

చివరి స్లైడు పెట్టెలో పెట్టాక మాస్టారు అన్నారు: "జాడలాయన ఇల్లు కనుక్కున్నాను. ఆదివారం వెళ్తున్నాను. రావాలనుంటే రా."

వెల్డింగు షాపు మీద ఒకటిన్నర గది. ఇనపమెట్లు, ఒక మనిషి మాత్రమే పట్టేంత ఇరుకు. లోపల కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని ముందు అతని భార్య. మూలన ఒక బల్ల మీద కూతురి పుస్తకాలు. జాడలాయన ఇప్పుడు సామిల్లులో చెక్కలు మోస్తున్నాడు. అరచేతుల నిండా పేడులు గుచ్చుకున్న నల్లమచ్చలు. మమ్మల్ని గుర్తుపట్టాడు. ఉన్న రెండు కుర్చీలూ మాకిచ్చి తను గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

మాస్టారు నాన్చలేదు. కూర్చోకుండానే చెప్పేశారు. "నాయనా, అది పదహారేళ్ళదే. నువ్వు చెప్పిందే నిజం. నాకు కళ్ళు కనపడక ఏడన్నాను. కనపడట్లేదని తెలిసి కూడా దాచాను."

కుట్టుమిషను ఆగిపోయింది. జాడలాయన అరచేతిలోని పేడు ఒకటి గోరుతో లాగాడు.

"ఏడేళ్ళదాన్ని చంపాననుకున్నాను సార్," అన్నాడు చివరికి. "మొదట్లో నమ్మలేదు. మీరు చదువుకున్నవాళ్ళు, ఇద్దరు చూశారు. మెల్లమెల్లగా నమ్మేశాను. నడక కూడా నేనే తప్పు చూశాననుకున్నాను. తప్పు చూసేవాడికి అడవిలో ఏం పని? అందుకే మళ్ళీ అటు వెళ్ళలేదు." మాస్టారి వైపు చూసి అన్నాడు, "కళ్ళు కనపడకపోతే మీరు మాత్రం ఏం చేస్తార్లెండి."

అలా అంటూనే నా వైపు తిరిగాడు. విచారణ రోజున తిరిగినట్టే, కోపం లేకుండా. "మీరు చిన్నవాళ్ళు కదమ్మా. మీకెన్ని కనపడ్డాయి?"

"ఆ అమ్మాయి నా దగ్గరే..." అని మాస్టారు అందుకోబోయారు.

"మీరుండండి మాస్టారూ," అన్నాను. "నేను చూడలేదు, అన్నా. అసలు లెక్కేపెట్టలేదు. ఆయన వేసిన అంకె చూసి సంతకం పెట్టేశాను."

అతని భార్య లేచి నిలబడింది. నన్ను తిడుతుందనుకున్నాను, కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. కొట్టినా బాగుండేది. "చూడను కూడా చూడలేదా?" అంది. అంతే అంది. మొహం తిప్పుకుని కిటికీ బయటికి చూస్తూ కొంగుతో మూతి గట్టిగా అదిమిపెట్టుకుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ ముందు ఏడవడానికి నాకు హక్కు లేదని పళ్ళబిగువున ఆపుకున్నాను.

"అది రాసిస్తారా?" అన్నాడు జాడలాయన.

కూతురి పుస్తకం నుంచి ఒక కాగితం చింపి, పెన్ను వెతికి తెచ్చాడు. కుట్టుమిషను బల్ల మీద పెట్టుకుని రాశాను. నాలుగే వాక్యాలు. అతను నిలబడి, వేలు పెట్టుకుని, మెల్లగా మొత్తం చదివాడు. కాగితం వెనక్కిచ్చాడు.

"తేదీ వెయ్యలేదమ్మా."

వేశాను.

ఆ కాగితం ఏం చేసిందో కూడా చెప్పేస్తాను, మళ్ళీ ఎవరూ సగం కథ పట్టుకుని మైకు ముందు నిలబడకుండా. ఏడు నెలలకి జాడలాయన కేసు కొట్టేశారు. పాత సర్వీసంతా కలిపి మళ్ళీ తీసుకున్నారు. అడవికి వెళ్ళాడు. నన్ను రెండేళ్ళు లెక్క నుంచి తప్పించి ముందు గదిలో దవడలు ఉడికించే పనికి వేశారు. నేను సంతకం పెట్టినవన్నీ ఇంకొకళ్ళు మళ్ళీ చూశారు. మిరపకాయ నోరు కొన్నాళ్ళు మూతపడిందని ఆఫీసులో అందరూ సంతోషించారు, పాపం, వాళ్ళనేమీ అనను. మాస్టారి పెన్షన్‌లో కోత పడింది. పిన్నిగారు దాని గురించి ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ కళ్ళతో ఆయన ఇంకో రెండున్నరేళ్ళు బతికారు.

ఆ ఆదివారం మేమిద్దరం ఆ మెట్ల మీద దిగుతున్నాం. ఆయన మోకాళ్ళు బాగాలేవు, నేను ముందు దిగుతూ చెయ్యి అందించాను. నాలుగు మెట్లు దిగాక ఇక ఆగలేకపోయాను.

"మీకు ముందునుంచీ తెలుసు కదా? నేను లెక్కపెట్టలేదని?"

"ఆ రోజు స్లైడు దగ్గర నీ మొహం చూశాక తెలిసింది."

"మరి ఎందుకడగలేదు మాస్టారూ? రాయమని ఒక్క మాట ఎందుకనలేదు?"

ఆయన మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకున్నారు.

"అంటే రాసేదానివి," అన్నారు. "నేను అన్నానని రాసేదానివి. నా మాట మీద ఒకసారి సంతకం పెట్టావు కదమ్మాయ్, చాలదూ?"

కింద వెల్డింగు షాపు మూసి ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని మిగతా మెట్లు ఒక్కొక్కటే దించాను.